పాత హార్మొనైజర్ సౌండ్ కావాలా? అయితే దాని గ్లిచ్ కూడా కావాలి!

ఇప్పుడు గొంతు పిచ్ మార్చాలంటే ఫోన్‌లో ఒక్క స్లైడర్ జరిపితే చాలు. రిజల్ట్ కూడా నీట్‌గానే వస్తుంది. మరి 1975లో వచ్చిన ఒక మెషీన్ అచ్చం ఎలా మోగేదో అలాగే మోగే ప్లగిన్‌లను జనం ఇప్పటికీ డబ్బులు పెట్టి ఎందుకు కొంటున్నారు?

ఆ మెషీన్ పేరు ఈవెంటైడ్ హెచ్910 హార్మొనైజర్. స్పీడ్ మారకుండా పిచ్‌ని ఒక ఆక్టేవ్ వరకు పైకీ, కిందకీ మార్చేది. 112.5 మిల్లీసెకన్ల దాకా డిలే ఇచ్చేది. డేవిడ్ బౌయీ 1977 ఆల్బమ్ 'లో'లో స్నేర్ డ్రమ్ వినండి. కొట్టిన ప్రతి దెబ్బా కిందకి జారిపోతున్నట్టు ఉంటుంది. ప్రొడ్యూసర్ టోనీ విస్కాంటి దీనితోనే చేశాడు.

లోపల జరిగేది ఇదీ. మెమరీని ఒక రింగ్ రోడ్డు అనుకోండి. ముందు బైక్ సౌండ్‌ని రాసుకుంటూ పోతుంది, వెనక బైక్ దాన్ని చదువుకుంటూ వస్తుంది. రెండింటి మధ్య గ్యాపే డిలే. వెనక బైక్ స్పీడ్ పెంచితే పిచ్ పెరుగుతుంది. కానీ కాసేపటికి అది ముందు బైక్‌ని అందుకుంటుంది కదా! అప్పుడు మళ్లీ వెనక్కి దూకక తప్పదు. ఆ దూకుడే గ్లిచ్. చెవికి 'టిక్' మంటూ తగులుతుంది.

చిన్న లెక్క వేద్దాం. గ్యాప్ 30 మిల్లీసెకన్లు అనుకుంటే, ఒక ఆక్టేవ్ పైకి మార్చినప్పుడు సెకనుకి దాదాపు 33 సార్లు దూకాలి. అందుకే సౌండ్ గరగరలాడుతుంది. అదే 9 సెంట్లు (ఒక సెమీటోన్‌లో వందో వంతు ఒక సెంటు) మాత్రమే పెంచితే దాదాపు 5.8 సెకన్లకి ఒకసారి దూకితే సరిపోతుంది.

1977లో వచ్చిన హెచ్949 ఈ గ్లిచ్‌ని బాగా తగ్గించింది. ఇప్పటి అల్గారిథమ్‌లైతే రెండు ముక్కల్ని క్రాస్‌ఫేడ్ చేసి అతుకు కనబడకుండా కలిపేస్తాయి. పాత సౌండ్‌ని తిరిగి తేవడంలో అసలు తలనొప్పి ఇక్కడే! మెమరీ ఒక సమస్యే కాదు. 112.5 మిల్లీసెకన్లంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర 5,400 శాంపిల్స్, 16 బిట్‌లో పదకొండు కిలోబైట్లు కూడా ఉండదు. ఎప్పుడు దూకాలి, ఎంత మొరటుగా దూకాలి అన్నదే కష్టం. ఈవెంటైడ్ సొంత హెచ్910 ప్లగిన్, హెచ్90 పెడల్‌లోని అల్గారిథమ్ పట్టుకోవాలని చూసేది ఆ మొరటుతనాన్నే.

కొనే ముందు మీ దగ్గరున్న సాఫ్ట్‌వేర్‌తోనే ట్రై చేయండి. వోకల్‌ని రెండు కాపీలు చేసి, ఒకటి 9 సెంట్లు పైకి, 20 మిల్లీసెకన్ల డిలేతో ఎడమకి పెట్టండి. రెండోది 9 సెంట్లు కిందకి, 30 మిల్లీసెకన్లతో కుడికి. ఒరిజినల్ మధ్యలోనే ఉండాలి. గొంతు వెంటనే వెడల్పుగా వినిపిస్తుంది. ఇక్కడ గ్లిచ్ పెద్దగా తెలియదు కాబట్టి ఏ పిచ్ షిఫ్టర్ అయినా పనికొస్తుంది. నా మాట వింటే, దీని కోసమే ఖరీదైన ప్లగిన్ కొనొద్దు.

బౌయీ డ్రమ్ లాంటిది కావాలంటే మాత్రం పిచ్ షిఫ్టర్ డిలే ఫీడ్‌బ్యాక్ లోపల ఉండాలి. అప్పుడే ప్రతి రిపీట్ ఇంకాస్త కిందకి దిగుతుంది. బయట పెడితే అన్ని రిపీట్లూ ఒకే పిచ్‌లో వస్తాయి. చాలా మంది తప్పు చేసేది ఇక్కడే. ఫీడ్‌బ్యాక్ పెంచేటప్పుడు వాల్యూమ్ తగ్గించుకోండి, లేదంటే హెడ్‌ఫోన్స్‌లో చెవులు గింగిర్లెత్తుతాయి.

చివరగా మిక్స్‌ని ఒకే స్పీకరున్న ఫోన్‌లో మోనోగా వినండి. స్టీరియోలో అదిరిపోయిన గొంతు అక్కడ డబ్బాలోంచి వచ్చినట్టుంటే, ఆ రెండు కాపీల వాల్యూమ్ తగ్గించాల్సిందే.