నల్ల కోళ్లన్నియు కడక్‌నాథ్‌లు కావు

గత కొన్ని సంవత్సరములుగా మన గ్రామములలో కడక్‌నాథ్ కోడి పేరు తరచుగా వినవచ్చుచున్నది. మధ్యప్రదేశ్ రాష్ట్రమునందలి ఝాబువా ప్రాంతమున భిల్లులు, భిలాలలు తరతరములుగా పెంచుచు వచ్చిన జాతి యిది. మాంసము నల్లగా నుండుటచే దీనికి ‘కాలామాసీ’ యను పేరు కలిగినది. ఝాబువా కడక్‌నాథ్ మాంసమునకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ధర హెచ్చుగా పలుకుటచే, నల్లని ఈకలు గల ప్రతి కోడిపిల్లను కడక్‌నాథ్ అని చెప్పి అమ్మువారును బయలుదేరినారు.

మేము పర్యటించిన యొక గ్రామమున మహిళా సంఘమువారు పొదుపు సొమ్ముతో అట్టి పిల్లలను కొని, నెలల తరబడి మేపినారు. తీరా కోసి చూడగా మాంసము తెల్లగా నున్నది. “పైనంతా నల్లగా ఉంటే లోపల తెల్లగా ఎట్లా ఉందండీ?” అని వారు మమ్ము ప్రశ్నించినారు. ఈకల నలుపు వేరు, మాంసపు నలుపు వేరు అనునదే దీనికి సమాధానము. ఈ రెంటికిని మూలమైన జన్యువులు వేరు వేరు.

ఈకల నలుపు

ఈకకు నలుపు నిచ్చునది మెలనిన్ అను వర్ణకము. ఇది రెండు విధములు: నలుపు, ముదురు గోధుమవన్నెల నిచ్చునది యొకటి, ఎరుపు, పసుపు చాయల నిచ్చునది వేరొకటి. గ్రుడ్డులో పిండము రూపొందునప్పుడే వర్ణకణములు వెన్ను వెంబడి పుట్టి, చర్మమునకును ఈకల మొదళ్లకును చేరును. ఈక పెరుగుచున్నప్పుడు అవి మెలనిన్ రేణువులను దానికి అందించుచుండును.

ఏ మెలనిన్ తయారు కావలెనో నిర్ణయించుటలో ఎమ్‌సీ1ఆర్ అను జన్యువు ముఖ్యమైనది. దీని వలన వర్ణకణముల పైపొరలో నొక ప్రోటీను ఏర్పడును. ఒక హార్మోను వచ్చి దానిని తాకినచో నల్ల మెలనిన్ తయారగును. వేరొక ప్రోటీను అడ్డుపడినచో ఎరుపు చాయ గలది తయారగును. ఒళ్లంతయు నల్లని ఈకలు గల కొన్ని కోళ్లలో ఈ ప్రోటీనునందలి 92వ స్థానమున గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు లైసిన్ ఉన్నది. ఈ యొక్క మార్పు వలన హార్మోను వచ్చినను రాకున్నను నల్ల మెలనిన్ తయారగుచునే యుండును. కరీబియన్ సముద్రమునందలి గ్రెనడా, సెయింట్ విన్సెంట్ దీవులలో నల్లని బననాక్విట్ పిట్టలందును ఇదే మార్పు కలదని 2001లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు.

మాంసపు నలుపు

మాంసపు నలుపునకు కారణము కోడి 20వ క్రోమోజోములో నున్నది. సిల్కీ మొదలగు జాతులలో ఎండోథెలిన్-3 అను జన్యువు గల భాగము జంటగా నున్నదని 2011లో వెల్లడియైనది. కడక్‌నాథ్‌లోను ఇట్లే యున్నది. ఈ జన్యువు వర్ణకణములను వృద్ధి చేయును. జన్యువు జంట యగుటచే ఆ కణములు మితిమీరి పెరిగి చర్మము, మాంసము, ఎముకల పైపొర, లోపలి అవయవముల వరకు వ్యాపించును.

చైనా దేశపు సిల్కీ కోళ్లలో ఈకలు తెల్లగా నుండి చర్మము నల్లగా నుండునవి కలవు. ఆస్ట్రేలియాలో రూపొందిన ఆస్ట్రలార్ప్ కోడికి ఈకలు నలుపు, చర్మము తెలుపు. కడక్‌నాథ్‌లోనే బంగారు చారలు గల రకము కలదు. కావున ఈకను చూచి జాతిని నిర్ణయించుట పొరపాటు.

సంకరము చేయువారు మరియొక సంగతి గమనింపవలెను. లోపలి నలుపును అణచు జన్యువొకటి లింగ క్రోమోజోముపై నున్నది. బేట్సన్, పున్నెట్ అను శాస్త్రజ్ఞులు సిల్కీ పుంజును బ్రౌన్ లెగ్‌హార్న్ పెట్టతో జతపరచగా, పుట్టిన వానిలో పెట్టలు మిక్కిలి నల్లగాను, పుంజులు కొద్దిపాటి నలుపుతోను ఉండెనని 1911లో ప్రకటించినారు. కడక్‌నాథ్‌ను ఇతర కోళ్లతో కలిపి వదలినచో నలుపు తరుగుట కిదియు నొక కారణము.

కొనుటకు ముందు

నిజమైన కడక్‌నాథ్ కోడికి చర్మము, ముక్కు, కాళ్లు, వ్రేళ్లు, అరికాళ్లు పలకరంగున నుండును. జుట్టు, నాలుక ఊదా చాయ గలిగి యుండును. ఒక దినపు పిల్లల వీపుపై నల్లని చారలు క్రమము లేక కనబడును. రక్తము ఎరుపే; గ్రుడ్డు లేత గోధుమవన్నెయే. నల్లని గ్రుడ్లని చూపువారిని నమ్మరాదు.

తల్లి కోళ్లను చూపగల చోటనే పిల్లలను కొనుట క్షేమము. సంఘముల సొమ్ము వెచ్చించుటకు ముందు పశువైద్యుని చేత నొకమారు పరీక్ష చేయించునట్లు పంచాయతీ సభ్యులు శ్రద్ధ వహింపవలెను. నోరు తెరచి నాలుక చూచుటకు నిమిషము చాలును. ఆ నిమిషము వెచ్చింపనిచో పేద కుటుంబముల పొదుపు నష్టపోవును.