అందరికీ పడే సబ్బు కొందరికి పడదు

వంకాయ కూర ఇంటిల్లిపాదీ తిన్నా ఒకరికే దురద పుడుతుంది. "ఆయనకు వంకాయ పడదు" అని సరిపెట్టుకుంటామే గాని ఎవరమూ ఆశ్చర్యపోము. సువాసన సబ్బు, గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషను కూడా అలాగే కొందరి ఒంటికి పడవు. ఈ సంగతి తెలియక చాలామంది నీళ్లు మారాయనో, వేడి చేసిందనో, దిష్టి తగిలిందనో అనుకుంటూ నెలల తరబడి బాధపడుతున్నారు.

మా సంఘాలున్న పల్లెలలో గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లినవారు సెలవుకు వస్తూ సబ్బులు, సెంట్లు, ఆఫ్టర్ షేవ్ సీసాలు తెచ్చి బంధువులకు పంచుతారు. వాటిని దాచుకొని ఆదివారానికో, పెండ్లికో వాడుకుంటారు. ఆదివారం రాసుకున్నదానికి దద్దు మంగళవారం లేస్తే ఆ సీసాపై అనుమానం ఎవరికి కలుగుతుంది? సువాసన పడకపోవడం వలన వచ్చే దద్దు సాధారణంగా ఒకటి నుండి మూడు రోజుల తరువాతనే బయటపడుతుంది. కారణం దొరకకపోవడానికి ఈ ఆలస్యమే మూలం.

ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది ఒరిపిడి వంటిది. సబ్బులో క్షారగుణం ఉంటుంది, ఆఫ్టర్ షేవ్ లో ఆల్కహాలు ఉంటుంది. అప్పుడే కత్తి తగిలిన చర్మం మీద అవి ఎవరికైనా మంట పుట్టిస్తాయి. రెండవది అలర్జీ. ఒంటిలోని రక్షణ శక్తి ఒక సువాసన పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ పదార్థం మళ్లీ తగిలినప్పుడల్లా ఎరుపు, దురద, చిన్న పొక్కులు వస్తాయి. "పదేళ్లుగా ఇదే సబ్బు వాడుతున్నాను గదా" అని కొందరంటారు. ఏళ్ల తరబడి వాడిన వస్తువే ఒకనాడు పడకపోవచ్చు. ఒకసారి పడకపోతే ఆ గుణం సాధారణంగా జీవితాంతం ఉంటుంది.

వన మూలికలతో చేసినదైతే భయం లేదనుకోవడం కూడా సరికాదు. లవంగంలోని యూజెనాల్, దాల్చినచెక్కలోని సిన్నమాల్ అలర్జీ కలిగించే సువాసనలలో పేరుపొందినవి. సున్నిపిండిలో వాసన కోసం కలిపే కచ్చూరాలు, గులాబి రేకులు కూడా సువాసన వస్తువులే. ఐరోపా దేశాలలో 26 సువాసన పదార్థాల పేర్లను అట్టమీద విడివిడిగా అచ్చువేయాలని 2005 నుండి నియమం ఉంది. 2023లో ఆ పట్టికను 80కి పైగా పెంచారు. మన దగ్గర చాలా సబ్బుల మీద 'పర్‌ఫ్యూమ్' అన్న ఒక్క మాటే కనిపిస్తుంది.

ఎండలో పనిచేసేవారు మరొకటి తెలిసికోవాలి. కొన్ని సువాసనలు ఎండ తగిలితేనే బాధపెడతాయి. ఒకప్పుడు ఆఫ్టర్ షేవ్ లోషన్లలో వాడిన మస్క్ అంబ్రెట్ అనే పదార్థం అటువంటిదే. దానిని ఐరోపాలో 1995లో నిషేధించారు.

మరి ఏమి చేయాలి? ముందుగా సువాసన ఉన్నవన్నీ ఒకేసారి మానాలి. సబ్బు, పౌడరు, వాసన నూనె, షేవింగ్ క్రీము, లోషను ఏదీ మినహాయింపు కాదు. రెండు మూడు వారాలు వాసన లేని మెత్తని సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయాలి. గడ్డం గీసే ముందు నీళ్లతో బాగా నానబెట్టి, కొత్త బ్లేడుతో, వెంట్రుక వాలిన దిక్కుకే గీసుకోవాలి. తరువాత వాసన కలపని పెట్రోలియం జెల్లీ పలుచగా రాసుకుంటే చాలు. సెలూనుకు వెళ్లేవారు తమ సబ్బు, బ్రష్షు తీసుకువెళ్లి, చివర లోషను వద్దని ముందే చెప్పాలి.

దద్దు పూర్తిగా తగ్గాక ఒక్కొక్క వస్తువునే తిరిగి వాడి చూడాలి. లోషనైతే మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు వారం పది రోజులు రాసి చూడవచ్చు. దద్దు వస్తే వెంటనే ఆపాలి. సబ్బును, షేవింగ్ క్రీమును మాత్రం అలా పూసి వదలకూడదు. అవి కడిగివేయవలసిన వస్తువులు గనుక ఎవరికైనా మంట పుట్టిస్తాయి.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల విషయంలో గట్టిగా హెచ్చరిస్తున్నాము. వాటిలో చాలావాటిలో స్టీరాయిడ్ ఉంటుంది. రెండు రోజులలో ఎరుపు పోతుంది గనుక మంచి మందనిపిస్తుంది. సబ్బు మారలేదు గనుక దద్దు మళ్లీ వస్తుంది, మళ్లీ ట్యూబు రాస్తారు. అలా నెలలు గడిస్తే ముఖచర్మం పలుచబడి, సన్నని ఎర్ర నరాలు తేలి, మందు మానితే మంట పుట్టే స్థితి వస్తుంది. అది అసలు తామర అయితే మరింత పాకుతుంది. ఇటువంటి స్టీరాయిడ్ పూతమందులలో అనేకం వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నియమం చేసింది.

కళ్లు, పెదవులు ఉబ్బినా, చీము పట్టినా, మూడు వారాలకు తగ్గకపోయినా చర్మవైద్యుని చూడాలి. ఊపిరి ఆడకపోతే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కారణం ఖచ్చితంగా తేలాలంటే ప్యాచ్ టెస్ట్ అనే పరీక్ష ఉంది. అనుమానమున్న పదార్థాలను చిన్న పట్టీలతో వీపుమీద అంటించి, రెండు రోజుల తరువాత తీసి, మరల ఒకటి రెండు రోజులకు చూస్తారు. అంతవరకు వీపు తడపకూడదు. పెద్ద ఆసుపత్రుల చర్మవ్యాధుల విభాగంలో అడిగితే ఈ పరీక్ష ఎక్కడ చేస్తారో చెబుతారు. వెళ్లేటప్పుడు వాడుతున్న సబ్బు అట్టలు, సీసాలు వెంట తీసుకువెళ్లండి.

చివరిగా ఇంటివారికి, సంఘస్థులకు ఒక మాట. ఈ దద్దు అంటువ్యాధి కాదు. పక్కన కూర్చుంటే రాదు, చేయి కలిపితే రాదు. ముఖం మీద ఎరుపు చూచి జనం వెనక్కు జరిగితే ఆ మనిషి మందిరానికి, పెండ్లిండ్లకు రావడమే మానుకుంటాడు. సువాసన సబ్బు బహుమతిగా ఇచ్చినవారు అతడు వాడలేదని నొచ్చుకోవద్దు. ఇంట్లో ఒకరికి పడకపోతే వారి కోసం వాసన లేని సబ్బు వేరుగా కొని పెట్టండి. మీరు దగ్గరగా కూర్చుంటే అతనికి సగం బాధ తగ్గుతుంది.