వార్త కాని పనికి చోటెక్కడ?

విమానాలకు దారి చెప్పే కంట్రోల్ సెంటర్‌కు విజ్ఞాన సర్వస్వంలో వ్యాసం ఉండాలా? ఆ ప్రశ్నకు జవాబు భిలాయ్‌కి కూడా అవసరమే

భిలాయ్‌లో ఉక్కు ఎవరు చేస్తారని అడిగితే చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఊరి మీదుగా రాత్రింబవళ్లు సాగిపోయే విమానాలకు దారి ఎవరు చెబుతారని అడిగితే మాత్రం పెద్దలకూ తడుముకోక తప్పదు. ఉక్కు కర్మాగారానికి నందినిలో సొంత ఎయిర్‌స్ట్రిప్ ఉంది కానీ, టికెట్ కొని విమానం ఎక్కాలంటే రాయపూర్ వెళ్లాల్సిందే. ఇక 30,000 అడుగుల పైన పోయే విమానాలతో మాట్లాడేవాళ్లు ఎక్కడో దూరాన ఉన్న నగరంలో, రాడార్ తెరల ముందు కూర్చుని ఉంటారు. ఆ గది పేరు ఏరియా కంట్రోల్ సెంటర్.

విమానాశ్రయంలో కనిపించే టవర్ వేరు, ఇది వేరు. టవర్ పని రన్‌వే మీద, దాని చుట్టుపక్కల. సెంటర్ పని నగరానికీ నగరానికీ మధ్య ఉన్న ఆకాశం మీద. భారత గగనతలాన్ని ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై అనే నాలుగు ప్రధాన సమాచార ప్రాంతాలుగా విభజించారు. సముద్రం మీది భాగంతో కలిపి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చూసుకునే విస్తీర్ణం సుమారు 28 లక్షల చదరపు నాటికల్ మైళ్లు. ఇంత పని చేసే కేంద్రానికి విజ్ఞాన సర్వస్వంలో విడిగా ఒక వ్యాసం ఉండాలా అని అడిగితే, ఉండకేం అనిపించడం సహజం. కానీ వికీపీడియా నిబంధన అంత తేలిగ్గా ఒప్పుకోదు.

దాన్ని తెలుగు వికీపీడియాలో ‘విషయ ప్రాముఖ్యత’ అంటారు. పని గొప్పదా, జీతం పెద్దదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. ఆ విషయంతో సంబంధం లేని, నమ్మదగిన వాళ్లు దాని గురించి విపులంగా రాశారా అన్నదే కొలత. సంస్థ సొంత వెబ్‌సైట్, పత్రికా ప్రకటన, వార్షిక నివేదిక ఎన్ని చూపించినా చాలవు. ఇంగ్లిష్ వికీపీడియాలో ఒక వ్యాసాన్ని తొలగించాలని ఎవరైనా ప్రతిపాదిస్తే సాధారణంగా ఏడు రోజులు చర్చిస్తారు. చేతులు లెక్కపెట్టరు, వాదనలను తూచుతారు. ఉంచడం, తీసేయడం, మరో వ్యాసంలో కలిపేయడం... చాలాసార్లు వీటిలో ఒకటి తేలుతుంది.

ఊళ్లకు ఈ బాధ లేదు. చట్టబద్ధంగా గుర్తింపు ఉన్న జనావాసమైతే ప్రాముఖ్యత ఉన్నట్టే భావిస్తారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో జనగణన లెక్కల ఆధారంగా వేలాది గ్రామాల పేజీలు వచ్చింది అందుకే. కొన్ని వందల మంది ఉండే పల్లెకు నేరుగా ప్రవేశం. రోజూ వేల ప్రాణాలు కాచే గది మాత్రం సాక్ష్యాలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కంట్రోలర్ పని సవ్యంగా సాగితే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. రెండు విమానాలు ఢీకొనలేదన్నది పత్రికలకు వార్త కాదు. ఆ గది పేరు జనం నోట పడాలంటే ఏదో ఒకటి చెడిపోవాలి.

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ ఆకాశంలో సౌదీ బోయింగ్ 747, కజకిస్థాన్ ఐఎల్-76 ఢీకొని 349 మంది మరణించారు. జస్టిస్ ఆర్.సి. లహోటీ కమిషన్ విచారణ జరిగింది. ఢిల్లీ గగనతలంలో వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ ఒకే దారి ఉండటం, సెకండరీ రాడార్ లేకపోవడం అప్పుడు దేశానికి తెలిశాయి. 2002 జూలై 1 రాత్రి జర్మనీలోని యూబర్లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొని 71 మంది పోయాకే, జ్యూరిక్ కేంద్రంలో ఆ సమయాన పని మొత్తం ఒక్క కంట్రోలర్ మీద పడిందని ప్రపంచానికి తెలిసింది. 2014 సెప్టెంబరు 26న షికాగో కేంద్రంలో నిప్పు రాజుకుంటే అమెరికా అంతటా విమానాలు అస్తవ్యస్తమయ్యాయి. 2025 నవంబరు 7న ఢిల్లీలో సందేశాలు పంపే వ్యవస్థ మొరాయిస్తే వందల విమానాలు ఆలస్యమయ్యాయి. అలా ఆ వ్యవస్థ పేరు ప్రయాణికుల చెవిన పడింది.

దీనికి మినహాయింపు లేకపోలేదు. 2001 సెప్టెంబరు 11న అమెరికా కంట్రోలర్లు సుమారు 4,500 విమానాలను కొన్ని గంటల్లో నేలకు దించారు. అది ఘనకార్యమే. అయితే దాన్ని లోకం గుర్తుపెట్టుకున్నదీ ఒక ఘోరం పక్కన జరిగింది కాబట్టే.

భిలాయ్‌కి ఈ అన్యాయం కొత్త కాదు. సోవియట్ సాయంతో కట్టిన కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించినప్పుడు అది జాతీయ వార్త. తర్వాత దశాబ్దాల తరబడి భారతీయ రైల్వేకు పట్టాలు ప్రధానంగా ఇక్కడి నుంచే వెళ్లాయి. విరగని పట్టా గురించి రాసిన వాళ్లు తక్కువ. 2014 జూన్‌లో విషవాయువు లీకై ఆరుగురు చనిపోయినప్పుడు, 2018 అక్టోబరులో గ్యాస్ పైపులైను పేలి పది మందికి పైగా బలైనప్పుడు మళ్లీ దేశమంతా భిలాయ్ పేరు మోగింది. ఆ కొలిమిల ముందు జీవితాలు గడిపిన కార్మికుల్లో, వాళ్లలోని తెలుగువాళ్లలో, ఎక్కువ మంది పని ఏ పత్రికకూ ఎక్కలేదు.

అలాగని జల్లెడ పారేయమనడం కుదరదు. జల్లెడ లేకపోతే విజ్ఞాన సర్వస్వం ప్రభుత్వ శాఖల డైరెక్టరీ అవుతుంది. ప్రకటనల కరపత్రమూ అవుతుంది. కొమర్రాజు లక్ష్మణరావు ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ తలపెట్టి మూడు సంపుటాలు తెచ్చి, 1923లో కన్నుమూసే నాటికి అకారాది క్రమంలో ఇంకా మొదట్లోనే ఉన్నారు. ఆయనకు కాగితం, డబ్బు, ఆయుష్షు చాలలేదు. నేటి సంపాదకులకు చోటుకు కొదవ లేదు, ఆధారాలకే కొదవ. ఆధారం లేని వాక్యాన్ని సరిచూడటం పాఠకుడి వల్ల కాదు.

కాబట్టి వాదించాల్సింది నిబంధనతో కాదు, ఆధారం ఎక్కడ వెతుకుతున్నామన్న దానితో. దినపత్రికల్లో లేనంత మాత్రాన ఎక్కడా లేదని కాదు. విచారణ కమిషన్ల నివేదికలు, కాగ్ తనిఖీలు, పార్లమెంటరీ సంఘాల పత్రాలు, విమానయాన చరిత్ర గ్రంథాలు... ఇవన్నీ ఆ సంస్థ చేతిలో లేని సాక్ష్యాలే. వాటిలో ఒక కేంద్రం గురించి నాలుగు పేరాలకు సరిపడా సరుకు దొరికితే విడి వ్యాసం న్యాయం. రెండు వాక్యాలే దొరికితే దేశ గగనతల నిర్వహణ అనే పెద్ద వ్యాసంలో ఒక విభాగం చాలు. ఇంకా ఆధారాలు బయటపడితే ఆ విభాగమే వ్యాసమవుతుంది. కలిపేయడం కొట్టేయడం కాదు.

ఇందులో పోయేదేముంది అనుకోవచ్చు. ఒక కేంద్రంలో ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు, పరికరాలు ఏ కాలం నాటివి అన్న ప్రశ్నలు, ఆ కేంద్రం ఉందని తెలిసిన పౌరుడే అడగగలడు. జ్యూరిక్‌లో ఆ ప్రశ్నను జనం అడిగేసరికి 71 మంది లేరు. ప్రమాదానికి ముందు రాసిన నాలుగు పేరాల విలువ, తర్వాత రాసే నలభై పేజీలకు ఉండదు.