మిరప పూత నుంచి శాస్త్రవేత్త వరకు: చిత్ర సందేశం
2021–22లో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటలను నల్ల తామర పురుగు తీవ్రంగా దెబ్బతీసింది. సుమారు 1 మిల్లీమీటరు పొడవుండి పూలలో దాగే ఈ పురుగును మాటల వర్ణనతో నిర్ధారించడం కష్టం. పూలను తెల్ల కాగితంపై దులిపి, పగటి వెలుగులో దగ్గరగా తీసిన ఛాయాచిత్రం లాం శాస్త్రవేత్తలకు మెరుగైన ఆధారమవుతుంది.

అయితే అన్‌లాక్ చేసిన ఫోనులో కొత్త సిమ్ వేసినపుడు కాల్స్ పనిచేసినా డేటా రాకపోవచ్చు. అపుడు మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగులలో ఆ సంస్థ యాక్సెస్ పాయింట్ పేరును అక్షరదోషం లేకుండా నమోదు చేసి, ఫోనును ఆపి తిరిగి ప్రారంభించాలి. వాట్సాప్‌కు ఇది చాలు. ఎంఎంఎస్‌కు మాత్రం ఎంఎంఎస్‌సీ చిరునామా కూడా అవసరం. ఎంఎంఎస్‌లో చిత్రం పరిమాణం తగ్గి వివరాలు మసకబారవచ్చు కనుక, సన్నని పురుగుల విషయంలో డేటా మార్గమే మేలు. విస్తరణ సిబ్బంది ఈ అమరికను పూత దశకు ముందే సరిచూడాలి.