సి పుస్తకంతో పైథాన్ నేర్చుకోవచ్చా?

ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో సి చదివి, తర్వాత ప్రాజెక్టు కోసమో ఉద్యోగం కోసమో పైథాన్ మొదలుపెట్టేవాళ్లు మన దగ్గర లెక్కలేనంత మంది. వాళ్ల దగ్గర అప్పటికే ఒక సి పుస్తకం ఉంటుంది. చాలాసార్లు అది యశవంత్ కనెత్కర్ రాసిన 'లెట్ అస్ సి'. అందులోని ప్రోగ్రాములనే పైథాన్‌లో రాసుకుంటూ పోతే కొత్త భాష పట్టుబడుతుందా? కుదరదని కొట్టిపారేసేవాళ్లున్నారు. అన్ని భాషలూ ఒకటే, ఏ పుస్తకమైనా ఫర్వాలేదనేవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే రెండు మాటలూ తప్పే. వేరే భాష పుస్తకం నుంచి సమస్యలు తెచ్చుకోవాలి, కోడ్ కాదు. ఈ తేడా తెలియకే చాలామంది నెలల తరబడి ఇబ్బంది పడుతున్నారు.

అపోహ: ఏ భాష నేర్చుకోవాలంటే ఆ భాష పుస్తకమే ఉండాలి.

వాస్తవం: ఈ రంగంలో పేరున్న పుస్తకాలు చాలావరకు వేరే భాషలవాళ్లు చదివి తమ భాషలోకి మార్చుకున్నవే. డొనాల్డ్ కనూత్ 1968లో తెచ్చిన 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' మొదటి సంపుటంలో ఉదాహరణలన్నీ మిక్స్ అనే యంత్రానివి. అది కనూత్ ఊహించిన యంత్రం, మార్కెట్లో ఎక్కడా దొరికేది కాదు. రాబర్ట్ సెడ్జ్‌విక్ అల్గారిథమ్స్ పుస్తకం 1983లో పాస్కల్‌లో వచ్చి, తర్వాత సి, సి++, జావాల్లోకి మారింది. భాష మారినా క్రమబద్ధీకరణ, వెతుకులాట, గ్రాఫులు అలాగే ఉన్నాయి.

ఇంకా మంచి ఉదాహరణ బ్రయాన్ కెర్నిగన్‌ది. ప్లాగర్‌తో కలిసి 1976లో 'సాఫ్ట్‌వేర్ టూల్స్' అనే పుస్తకాన్ని రాట్‌ఫోర్ భాషలో రాశారు. అదే పుస్తకాన్ని 1981లో పాస్కల్‌లోకి మార్చారు. అలా మార్చిన అనుభవంతోనే, పాస్కల్ తనకిష్టమైన భాష ఎందుకు కాదో కెర్నిగన్ ఒక వ్యాసం రాశారు. అప్పటి పాస్కల్‌లో అర్రే పరిమాణం దాని టైప్‌లో భాగం. పది అంకెల అర్రే కోసం రాసిన ఫంక్షన్‌కి ఇరవై అంకెల అర్రే ఇస్తే ఒప్పుకోదు. ఒక భాషలో సాఫీగా సాగిన పనిని రెండో భాషలో చేయబోయినప్పుడు ఇలాంటివి బయటపడతాయి. కొత్త భాష స్వభావం తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు.

అపోహ: గుర్తు ఒకటే అయితే అది చేసే పనీ ఒకటే.

వాస్తవం: అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. కొత్తగా కనబడే గుర్తును ఎవరైనా ఆగి చదువుతారు. తెలిసిన గుర్తు కనబడితే చదవకుండా దాటేస్తారు.

ల్యాబ్‌లో అందరూ రాసిన ప్రోగ్రామే తీసుకుందాం: ఒక సంఖ్యలోని అంకెల మొత్తం. సంఖ్య సున్నా కానంతవరకు లూప్ తిరుగుతుంది. ప్రతిసారీ % 10తో చివరి అంకె తీసి మొత్తానికి కలుపుతాం, 10తో భాగించి ఆ అంకెను వదిలించుకుంటాం. ఇదే లూప్‌ని పైథాన్‌లో అదే / గుర్తుతో రాస్తే 123 కాస్తా 12.3 అవుతుంది. సరే, పూర్ణ భాగహారానికి // ఉందని తెలుసుకుని మారుస్తాం. 123కి జవాబు 6 వస్తుంది. పని అయిపోయిందనుకుంటాం.

ఇప్పుడు -123 ఇచ్చి చూడండి. సిలో అది -12, తర్వాత -1, తర్వాత 0 అవుతుంది, లూప్ ఆగుతుంది. పైథాన్‌లో మొదట -13, తర్వాత -2, తర్వాత -1 వస్తాయి. అక్కడి నుంచి -1ని 10తో ఎన్నిసార్లు భాగించినా -1 వస్తూనే ఉంటుంది. సున్నా ఎప్పటికీ రాదు, ప్రోగ్రాం ఆగదు. కారణం ఇదీ: సి భాగఫలాన్ని సున్నా వైపు కత్తిరిస్తుంది, పైథాన్ ఎప్పుడూ కింది పూర్ణాంకానికి దించుతుంది. -7ని 2తో భాగిస్తే సిలో భాగఫలం -3, శేషం -1. పైథాన్‌లో -4, 1. రెండింట్లోనూ భాజకాన్ని భాగఫలంతో గుణించి శేషం కలిపితే -7 వస్తుంది కాబట్టి దేన్నీ తప్పనలేం. పైగా గడియారం లెక్కల్లో పైథాన్ పద్ధతే హాయి. రెండు గంటలకు ఐదు గంటల ముందు ఎంతైందో కావాలంటే (2 - 5) % 12 అని రాస్తే చాలు, 9 వస్తుంది. సిలో -3 వస్తుంది, ముందుగా 12 కలుపుకోవాలి.

సమానం గుర్తూ ఇంతే. సిలో ఒక స్ట్రక్చర్‌ని ఇంకోదానికి అసైన్ చేస్తే నకలు తయారవుతుంది. పైథాన్‌లో బి = ఎ అని రాస్తే ఒకే లిస్ట్‌కి రెండు పేర్లు పెట్టినట్టు. బి చివర ఒక అంకె చేర్చితే ఎలోనూ అది కనబడుతుంది. జావాలో రెండు స్ట్రింగ్స్‌ని ==తో పోలిస్తే అవి ఒకే వస్తువా కాదా అని చూస్తుంది, పైథాన్‌లో అక్షరాలు ఒకటేనా అని చూస్తుంది. జావాస్క్రిప్ట్‌లో 10, 9, 1 ఉన్న అర్రేని ఊరికే సార్ట్ చేయమంటే 1, 10, 9 వస్తుంది, ఎందుకంటే అది అంకెల్ని అక్షరాలుగా మార్చి పోలుస్తుంది. వీటిలో వేటికీ ఎర్రర్ మెసేజ్ రాదు. తప్పు జవాబే ఒప్పు జవాబులా తెరమీద కనబడుతుంది.

అపోహ: లైన్‌కి లైన్ మార్చి, ప్రోగ్రాం నడిస్తే భాష వచ్చేసినట్టే.

వాస్తవం: కెర్నిగన్, రిచీల సి పుస్తకం ఆరో అధ్యాయంలో, ఇచ్చిన పాఠంలో ప్రతి మాటా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించే ప్రోగ్రాం ఉంది. సిలో నిఘంటువు లాంటి నిర్మాణం సిద్ధంగా ఉండదు కాబట్టి స్ట్రక్చర్లు, పాయింటర్లతో బైనరీ ట్రీ కడతారు. చాలా అందమైన ప్రోగ్రాం అది. దాన్ని ఉన్నదున్నట్టు పైథాన్‌లో క్లాసులతో కట్టొచ్చు, నడుస్తుంది కూడా. కానీ ఆ పని పైథాన్‌లో డిక్షనరీతో నాలుగు లైన్లది. ట్రీ అనువదించిన విద్యార్థికి ట్రీ బాగా అర్థమవుతుంది గానీ, పైథాన్‌లో అడుగడుగునా వాడే డిక్షనరీతో పరిచయమే కాదు.

అనుభవజ్ఞులకూ ఇది తప్పదు. 1994లో వచ్చిన 'డిజైన్ ప్యాటర్న్స్' పుస్తకంలో 23 ప్యాటర్న్‌లకు సి++, స్మాల్‌టాక్ ఉదాహరణలున్నాయి. లిస్ప్, డిలన్ లాంటి భాషల్లో వాటిలో 16 చాలా తేలికైపోతాయని, కొన్ని కనబడకుండానే పోతాయని పీటర్ నార్విగ్ 1996లో చూపించారు. ఫంక్షన్‌ని మామూలు విలువలా పంపగలిగే భాషలో స్ట్రాటజీ ప్యాటర్న్‌కి క్లాసులు కట్టనక్కర్లేదు.

దీనికి వ్యతిరేకంగానూ జరుగుతుంది. ఎంఐటీ నుంచి 1985లో వచ్చిన ఏబెల్సన్, సస్‌మన్‌ల పుస్తకం స్కీమ్ భాషలో ఉంటుంది. అందులో లూప్ చేయాల్సిన పనులు కూడా రికర్షన్‌తోనే సాగుతాయి. ఫంక్షన్ చివరి పనిగా తనను తాను పిలిస్తే స్కీమ్ కొత్త జాగా వాడుకోదు. పైథాన్ వాడుకుంటుంది. మామూలు అమరికలో దాదాపు వెయ్యి పిలుపులు దాటేసరికి ప్రోగ్రాంని ఆపేస్తుంది.

అపోహ: అదే భాష పుస్తకం, ఎంత పాతదైనా, వేరే భాష పుస్తకం కన్నా మేలు.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. పైథాన్ 2 కాలపు పుస్తకంలో 7 / 2 అంటే 3, పైథాన్ 3లో 3.5. పైథాన్ 2కి మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. టర్బో సి రోజుల పుస్తకాలదీ అదే కథ. అందులో ఇంట్ 32767 దాటదు, 8 ఫ్యాక్టోరియల్ 40320 కాబట్టి పట్టదు. ఇప్పటి కంపైలర్లలో 12 వరకు పడుతుంది. పైథాన్‌లో 100 ఫ్యాక్టోరియల్ 158 అంకెలతో పూర్తిగా వస్తుంది.

అపోహ: సి వస్తే మిగతావన్నీ వారంలో వచ్చేస్తాయి.

వాస్తవం: పైథాన్, జావాలకు సి కొంత దారి సులువు చేస్తుంది. రస్ట్ దగ్గర ఆ ధీమా పనిచేయదు. సి పుస్తకాల్లో పాయింటర్ల తర్వాత వచ్చే లింక్డ్ లిస్ట్‌ని రస్ట్‌లో మొదటి ప్రోగ్రాంగా పెట్టుకున్నవాళ్లు గట్టిగా దెబ్బతింటారు. ఒక విలువకు ఒకే యజమాని ఉండాలన్నది రస్ట్ నియమం. ముందుకీ వెనక్కీ చూసే లిస్ట్‌లో ప్రతి నోడ్‌నీ ఇద్దరు పట్టుకుని ఉంటారు. కంపైలర్ ఒప్పుకోదు. ఈ ఒక్క విషయం మీదే, కావలసినదానికంటే ఎక్కువ లింక్డ్ లిస్ట్‌లతో రస్ట్ నేర్పే పుస్తకమే ఒకటుంది. రస్ట్‌కి సి పుస్తకం నుంచి లెక్కలు, స్ట్రింగ్స్, ఫైళ్ల ప్రశ్నలు తెచ్చుకోండి. లింక్డ్ లిస్ట్‌ని చివరికి ఉంచండి.

మరి సి పుస్తకం పక్కన పెట్టుకుని పైథాన్ ఎలా చేయాలి? ప్రోగ్రాం కాకుండా దాని ముందున్న ప్రశ్న చదవండి. ఏమిస్తే ఏం రావాలో మీ మాటల్లో కాగితం మీద రాసుకోండి. రుణ సంఖ్య, ఖాళీ లిస్ట్, బాగా పెద్ద సంఖ్య అందులో తప్పకుండా ఉండాలి. పుస్తకం మూసి పైథాన్‌లో రాయండి. పని అయ్యాక, ఇదే పనికి పైథాన్‌లో సిద్ధంగా ఉన్నదేమిటో అధికారిక ట్యుటోరియల్‌లో వెతకండి, అది ఉచితంగానే దొరుకుతుంది. సి పుస్తకంలోని సార్టింగ్, సెర్చింగ్, రికర్షన్, మాట్రిక్స్, స్ట్రింగ్ అధ్యాయాల అభ్యాసాలన్నీ ఇలా చేయొచ్చు. మెమరీ కేటాయింపు, ఇన్‌పుట్ అవుట్‌పుట్, ఎర్రర్లు పట్టుకోవడం, హెడర్ ఫైళ్ల అధ్యాయాలు మాత్రం వదిలేయండి. ఆ పనులు పైథాన్‌లో ఎలా జరుగుతాయో పైథాన్ పుస్తకంలోనే చదవాలి.