నీరెఱుగని సీమలో పడవ ప్రయాణము

అనంతపురసీమలో పెరిగిన మాబోటి స్త్రీలకు పడవ యనగా ఏడాదికొకమాఱు దేవుని కోనేటిలో తేలియాడు తెప్పయే. ఆ తెప్పపై స్వామి యుండును. మనము గట్టున నిలిచి నమస్కరింతుము. పెన్న నందికొండలలో పుట్టి, మా జిల్లాగుండ పాఱి, నెల్లూరుసీమలో సముద్రమున గలియు 597 కిలోమీటర్ల నదియని భూగోళములో చదువుకొంటిమి గాని, పామిడి యొద్దను తాడిపత్రి యొద్దను మా కన్నులకు కనబడునది పెక్కు నెలలు ఇసుకయే. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి మేఘములు మా నెత్తికి వచ్చునప్పటికి వట్టిపోవును. సంవత్సరమునకు 550 మిల్లీమీటర్ల వాన కురిసినచో అది మంచి సంవత్సరము.

ఇట్టి సీమనుండి నదీవిహారమును గూర్చి వ్రాయుట యేలయని సోదరీమణులు నవ్వవచ్చును. మా బంధువర్గములోని చిన్నది యొకతె ఉద్యోగార్థమై ఆఫ్రికాఖండమునకు పోయి, అచట జాంబెజీనదిలో తెప్ప నెక్కి, ఆ ఛాయాపటములను మాకు పంపినది. వానిని చూచి దాని అవ్వ రెండుదినములు సరిగా భోజనము చేయలేదు. నురుగులో తెప్ప నిట్టనిలువుగా లేచియున్నది. అందున్నవారందఱు నోళ్లు తెఱచియున్నారు; అవి కేకలో నవ్వులో తెలియదు.

ఆ నది 2,500 కిలోమీటర్లకు మించిన పొడవు గలది. జాంబియా, జింబాబ్వే దేశముల నడుమ నూఱు మీటర్లకు పైబడిన లోతునకు ఒక్కుమ్మడిగా దుమికి, ఇరుకైన నల్లఱాతి లోయలో పడి పరుగెత్తును. అచటివారు ఆ జలపాతమును 'మోసి-ఓ-టున్యా' యందురు. ఉఱుము పొగ యని యర్థము. 1855వ సంవత్సరమున లివింగ్‌స్టన్ అను పాదరి దానిని చూచినది ఆ దేశపు నావికులు నడిపిన దోనెలో గూర్చుండియే. జలపాతపు అంచుననున్న చిన్నదీవికి వారే యతనిని చేర్చిరి. కీర్తిమాత్రము దొరగారికి దక్కినది! దిగువ లోయలో 1981 మొదలుకొని గాలినింపిన రబ్బరుతెప్పలపై యాత్రికులను గొనిపోవుచున్నారు. నెమ్మదిగా పాఱు చోట్ల దోనెలలో పోవుదురు; నీటిగుఱ్ఱములు లోతైన మడుగులలో నుండును గనుక ఆ దోనెలను ఒడ్డువెంబడి లోతు తక్కువైన చోటనే నడుపుదురట.

ఆ చిన్నది వ్రాసిన జాబులో మా మనస్సున నాటినది అలల వర్ణనము కాదు. తెప్ప కదలుటకు ముందు వారికి జరిగిన బోధ. "మీరు నీటిలో పడుదురు" అని మొదటనే చెప్పిరట! తలకు గట్టిటోపి, ఒడలికి లైఫ్‌జాకెట్టు బిగించి, అది ఊడకుండునట్లు పట్టీలను తామే లాగి చూచిరట. పడినచో వెల్లకిల తేలి, పాదములను ప్రవాహపు దిక్కునకు చాచవలెను. నిలువబడ యత్నింపరాదు, కాలు ఱాళ్లసందున చిక్కును. బెదరి తోడివారి మెడను పట్టరాదు. ఇన్నియు ఒడ్డుననే వల్లెవేయించి పిదపనే తెప్పపై కూర్చుండనిచ్చిరి.

మాకును ఒక నావ కలదు. దానిని హరిగోలనియు పుట్టియనియు అందురు. మా జిల్లాకు ఇరుగుననున్న తుంగభద్రలో హంపి, ఆనెగొంది గట్టులనడుమ అది వందల సంవత్సరములనుండి తిరుగుచున్నది. కృష్ణరాయల కాలమున విజయనగరమునకు వచ్చిన పేస్ అను పోర్చుగీసువాడు దానిని చూచి, బుట్టవలె గుండ్రని పడవ యనియు, లోపల బెత్తపు అల్లిక, వెలుపల తోలు కప్పు గలదనియు, పదునైదిరువదిమందిని మోయుననియు, సూటిగా పోక ఎల్లప్పుడు గిఱగిఱ తిరుగుచుండుననియు వ్రాసినాడు. నేడు తోలునకు మాఱుగా ప్లాస్టిక్ పట్టాయు తారును వచ్చినవి గాని తిరుగుట మానలేదు. అడుగు చదునుగా నుండుటచే లోతులేని నీటిలోను బండల నడుమను జారిపోవును. పొడుగుపడవకు వలె ముందు వెనుకలు లేనందున, తెడ్డుతో నీటిని తనవంకకు లాగుకొనుచు నావికుడు దానిని నడుపవలెను.

మేమొకమాఱు ఆనెగొంది దిక్కునకు పుట్టి యెక్కితిమి. నట్టనడుమ మాలో నొకామె కొండలను చూపుటకై లేవబోగా నావికుడు, "లేవొద్దమ్మా! చూసేదానికి తల తిప్పితే చాలు, ఒళ్లు తిప్పొద్దు" అనెను. ఆమెకు కోపము వచ్చినది. మాకు వెఱపు పుట్టినది, ఏలయన ఆ పుట్టిలో లైఫ్‌జాకెట్టు ఒక్కటియు లేదు, మాలో ఈత వచ్చినవారును లేరు. ఆ సంగతి నడియేటికి చేరినదాక మాకెవ్వరికిని తోచలేదు.

1945లో ఆరంభమై 1953లో ముగిసిన తుంగభద్ర ఆనకట్టనుండి ఎగువకాలువగుండ మా కరవుసీమకును నీరు వచ్చినది. పెన్నహోబిలము జలాశయము, మధ్యపెన్నారు జలాశయము నిండినప్పుడు చూడబోవుట మా ఇండ్లలో నొక పండుగ. నీరు అపురూపమైనది గనుక దానిపై ప్రేమయే గాని భయము లేదు. 2017 ఏప్రిల్ నెలలో గుంతకల్లు దాపున ఎఱ్ఱతిమ్మరాజు చెఱువునందు, ఒక్క కుటుంబమువారు కూడి వేడుకకై పడవ యెక్కిరి. మోయదగినదానికంటె ఎక్కువమంది యెక్కిరి. పడవ బోర్లపడి పదిమందికి పైగా మునిగిపోయిరి. వారిలో స్త్రీలును పసిబిడ్డలును ఉండిరి. 2021 నవంబరులో చిత్రావతి యొక్కసారిగా పొంగి, ఏటినడుమ చిక్కినవారిని విమానదళపు హెలికాప్టరు వచ్చి తీయవలసివచ్చెను. ఎండిన యేఱే గదాయని తలచుట మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

మా అవ్వలకాలమున కొంత మేలుగా నుండెను. ఊరూర దిగుడుబావు లుండెడివి. ఎండిన సొరబుఱ్ఱనో జీలుగుబెండ్లనో వీపునకు కట్టి మేనమామ పిల్లలను బావిలోనికి దింపెడివాడు. వారమునకొక బెండు చొప్పున తీసివేయగా, వేసవి ముగియునప్పటికి ఈత వచ్చెడిది. పిదప బోరుబావులు వచ్చి, బావులు ఎండి, పూడి, చెత్తకుప్పలైనవి. నీటితోపాటు ఈతయు పోయినది. ఆ బావులలో సయితము దిగినవారు మగపిల్లలే; ఆడపిల్లలు గట్టున కడవలతో నిలిచిరి.

కావున ఇంటి ఇల్లాండ్రు నలుగురిలో సిగ్గుపడక అడుగవలసిన మాటలు కొన్ని గలవు. ఈ పడవ ఎందఱిని మోయును? ప్రతివారికిని లైఫ్‌జాకెట్టు కలదా? లేనిచో దిగివచ్చుట అవమానము గాదు. మగవారు పరిహసింతురు, పరిహసింపనిండు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకొని ఈత వచ్చినవారినే ముంచును గనుక చల్లడముతో పోవుట మంచిది. అందఱును ఒక్క ప్రక్కకు ఒరగి ఫోటో దిగుట కూడదు. పడవ బోర్లపడి తేలుచున్నయెడల దానిని విడువక పట్టుకొనవలెను. ఒకరు మునుగుచుండగా ఈత రానివారు దూకినచో ఇద్దఱు పోవుదురు. గట్టున పండుకొని చీర చెఱగో త్రాడో విసరుట, మూతిమూసిన ఖాళీబిందెను త్రోయుట మేలు.

ఈ వేసవిలో మా వీధి బాలికలు ఆఱుగురు, ఊరిచివరి తోటలో నీరు మిగిలిన బావికి ఉదయమే పోవుచున్నారు. నేర్పునది ఈత యెఱిగిన మాస్టరుగారి భార్య. సొరబుఱ్ఱలు దొరకలేదు, ప్లాస్టిక్ డబ్బాలు కట్టినారు. ఛాయాపటము చూచి అన్నము మానిన ఆ అవ్వయే గట్టున కూర్చుండి, త్రాటి కొన పట్టుకొని, మొదట తన మనుమరాలినే దింపుడని తగవులాడుచున్నది.