సంతకం పెట్టే ముందు

ఆగస్టు విమానాలు మొదలయ్యేలోపు, విదేశీ విమానాశ్రయాల్లో మనవాళ్లకు ఎదురయ్యే చేదు అనుభవాల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. గురువారం సాయంత్రానికి పేజీలు అచ్చుకి వెళ్లిపోవాలి. తెలిసినవాళ్లకు ఫోన్లు చేస్తే కథలకు కొదవ లేదు. ఆవకాయ సీసా మూత తీయించినవాళ్లు, మనవరాలి పురిటికి వెళ్లిన అమ్మమ్మను వీల్‌చైర్‌లోనే గంటలకొద్దీ కూర్చోబెట్టినవాళ్లు, ఇంటిపేరు ముందా అసలు పేరు ముందా అని తికమకపడి కుటుంబాన్ని రెండు వరసల్లోకి విడదీసినవాళ్లు. ఇవన్నీ రాయాలనే కూర్చున్నాను. అమెరికా చదువుకు వెళ్లి విమానాశ్రయం నుంచే వెనక్కి వచ్చిన ఒక అబ్బాయి, తన దగ్గరున్న కాగితాలను ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపాక మిగతావన్నీ పక్కకు జరిగాయి.

పేరు, ఊరు, దిగిన విమానాశ్రయం, చేరాల్సిన యూనివర్సిటీ ఏవీ రాయొద్దన్నాడు. రాయడం లేదు. ఆ కాగితాల గురించి మాత్రం రాయమన్నాడు.

వాటి పేరు ఐ-867. అధికారి ఎదుట ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలం అది. ఇందులో ఏ, బీ అని రెండు భాగాలు. మొదటి భాగంలో అధికారి చదివి వినిపించాల్సిన హెచ్చరిక ఉంటుంది. మిమ్మల్ని దేశంలోకి రానివ్వడానికి తగిన అర్హత ఉన్నట్టు కనిపించడం లేదు, విచారణ లేకుండానే వెంటనే తిప్పి పంపేయవచ్చు, మీ సంగతి చెప్పుకోవడానికి బహుశా ఇదొక్కటే అవకాశం, నిజమే చెప్పండి అన్నది దాని సారాంశం. అర్థమైందా, ఏమైనా అడగాలా, జవాబులు చెప్పడానికి సిద్ధమేనా, చెప్పేదంతా నిజమని ప్రమాణం చేస్తారా అని వరసగా అడగాలి. ఆ తర్వాత అధికారి అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు. చివరి భాగంలో అచ్చేసిన ప్రశ్నలు: మీ దేశం ఎందుకు వదిలి వచ్చారు, తిరిగి వెళ్లడానికి భయమేమైనా ఉందా, వెళితే మీకు హాని జరుగుతుందా, ఇంకేమైనా చెప్పదలచుకున్నారా.

ఈ అబ్బాయి కాగితంలో పని గురించిన ప్రశ్న రెండో పేజీలో ఉంది. ఇక్కడ పని చేయాలనుకుంటున్నావా అని ప్రశ్న, అవును అని జవాబు. ఎక్కడ అని ప్రశ్న, రెస్టారెంట్‌లో అని జవాబు.

"నేనలా చెప్పలేదన్నా" అన్నాడు ఫోన్‌లో. "మొదటి ఏడాది క్యాంపస్ బయట పనిచేయకూడదని నాకు తెలుసు. లైబ్రరీలోనో ఇంకెక్కడో దొరికితే వారానికి ఇరవై గంటల్లోపు చేస్తానన్నాను. మీ సీనియర్లు ఏం చేస్తున్నారని అడిగితే, కొందరు రెస్టారెంట్లలో చేస్తున్నారని విన్నానన్నాను. రెండూ కలిపి రాసేశారు."

ఆ గదిలో ఎవరు ఏమన్నారో తేల్చే రికార్డింగ్ నా దగ్గర లేదు. అతని మాట ఉంది, కాగితం ఉంది. నేను అతని మాట నమ్ముతున్నాను. అయినా ఈ కథనానికి ఆధారం నా నమ్మకం కాదు, ఆ కాగితం చివరి పేజీలో సంతకానికి సరిగ్గా పైన అచ్చేసి ఉన్న పేరా. ఈ వాంగ్మూలాన్ని నేను చదివాను లేదా నాకు చదివి వినిపించారు, ఇందులో ఇన్ని పేజీలున్నాయి, ప్రతి పేజీ మీదా పొడి సంతకం చేశాను, ఫలానా పేజీల్లోని దిద్దుబాట్ల దగ్గర కూడా చేశాను అని అందులో ఉంటుంది. దిద్దుబాట్లున్న పేజీల నంబర్లు వేయడానికి ఒక ఖాళీ వదిలి ఉంచారు.

ఆ ఖాళీని చూసి నేను చాలాసేపు అక్కడే ఆగిపోయాను. అంటే వాంగ్మూలంలో తప్పులు దొర్లుతాయని, ఎదుటి మనిషి వాటిని దిద్దమంటాడని ఆ ఫారం తయారుచేసినవాళ్లే ఊహించారు. అమెరికా ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లోనూ ఈ మాట స్పష్టంగా ఉంది. వాంగ్మూలాన్ని ఆ మనిషి చదవాలి లేదా చదివి వినిపించాలి, ప్రతి పేజీ మీదా ప్రతి దిద్దుబాటు మీదా పొడి సంతకం తీసుకోవాలి, భాష అడ్డమైతే దుబాసీ సాయం వాడాలి. తిప్పి పంపే ఉత్తర్వును పై అధికారి చూసి ఆమోదించాలి. ఇవన్నీ చేయాల్సిన పనులే, అధికారి దయతో చేసేవి కావు.

అతని కాగితంలో ఆ ఖాళీ ఖాళీగానే ఉంది. చదివావా అని అడిగాను. "లేదన్నా. సంతకం పెట్టేస్తే వదిలేస్తారనుకున్నా." ఇంకేమైనా చెప్పదలచుకున్నారా అన్న చివరి ప్రశ్నకు అతని జవాబు ఒకే మాట: లేదు.

ఆ అబ్బాయిని తప్పుపట్టే మనసు నాకు లేదు. ఇరవై రెండేళ్లవాడు. రాత్రంతా విమానంలో నిద్ర లేదు. ఫోన్ వాళ్ల చేతిలో ఉంది. బయట బాబాయి కారు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఈ విచారణ దశలో లాయర్‌ను పక్కన కూర్చోబెట్టుకునే హక్కు ఆ నిబంధనల్లో లేదు. ఇంట్లోవాళ్లు, కన్సల్టెన్సీవాళ్లు కలిసి నూరిపోసిన పాఠం ఒక్కటే: అడిగినదానికే జవాబు చెప్పు, ఎదురు మాట్లాడకు, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టు. మొదటి రెండూ మంచి సలహాలే. మూడోది ఎందరి చదువులను కూల్చిందో తలచుకుంటే నాకు కోపం వస్తుంది. అమీర్‌పేటలో వీసా ఇంటర్వ్యూకి ఎన్ని మాక్‌లు పెడతారు! ఏ రంగు చొక్కా వేసుకోవాలో కూడా చెబుతారు. విమానం దిగాక ఇలాంటి కాగితం ఒకటి ముందుకు రావచ్చని, దాన్ని చదివే హక్కు నీకుందని చెప్పడానికి పావుగంట చాలు. నాకు ఫోన్‌లో దొరికిన విద్యార్థుల్లో ఆ మాట విన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఒక్క 'అవును' ఎందుకంత ప్రమాదమో కూడా చెప్పాలి. వీసా చేతిలో ఉన్నంత మాత్రాన లోపలికి రానివ్వాలని అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంలో లేదు. అర్హత రుజువు చేసుకోవాల్సిన బాధ్యత ప్రయాణికుడిదే. చదువు పేరుతో పనికి వస్తున్నాడని అధికారి అనుకుంటే, నువ్వు నిజానికి విద్యార్థివి కావు, నీకు ఉండాల్సింది ఇమ్మిగ్రెంట్ వీసా, అది నీ దగ్గర లేదు అంటారు. అలా, హైదరాబాద్ కాన్సులేట్ ముద్ర వేసిచ్చిన చెల్లుబాటు వీసా పాస్‌పోర్టులో ఉండగానే తగిన పత్రాలు లేనివాడి కింద లెక్క తేలిపోతుంది. జడ్జి ముందుకు వెళ్లకుండానే తిప్పి పంపే ఉత్తర్వు ఇస్తారు. మొదటిసారైతే ఐదేళ్ల నిషేధం. అబద్ధం చెప్పాడనో మోసం చేశాడనో రాస్తే నిషేధం జీవితాంతం. ఆ రాత కోర్టులో నిలుస్తుందా అని అడిగే దారి కూడా దాదాపు మూసేశారు.

ఇలా తిప్పి పంపే అధికారం 1996లో చేసిన చట్టంతో వచ్చింది, 1997 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మన పిల్లలకు దీని వేడి తగలడం వెనుక వేరే చరిత్ర ఉంది, అది క్లుప్తంగా: 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు, అక్కడ చేరిన తెలుగు విద్యార్థుల్లో కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు, 2015 డిసెంబర్‌లో సిలికాన్ వ్యాలీ యూనివర్సిటీ, నార్త్‌వెస్టర్న్ పాలిటెక్నిక్‌లకు బయల్దేరినవాళ్లను శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తిప్పి పంపడం, ఆ వెంటనే 19 మందిని ఎయిర్ ఇండియా హైదరాబాద్‌లోనే విమానం ఎక్కనివ్వకపోవడం, 2019 జనవరిలో అమెరికా ప్రభుత్వమే వలగా నడిపిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం, అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులే, 2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోల నుంచి ఒక్క రోజులో 21 మంది వాపసు. బోగస్ కాలేజీలున్నాయి, వాటికి తెలిసే వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆ అనుమానం నీడ నిజంగా చదువుకోవడానికి వెళ్లేవాళ్ల మీదా పడుతోంది. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3.31 లక్షల మంది. వాళ్లలో అత్యధికులు ఏ ఇబ్బందీ లేకుండా లోపలికి వెళ్లినవాళ్లే.

2015 నాటి ఒక వివరణ మాత్రం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మీరిచ్చిన వీసాలను మీరే గౌరవించరా అని మన విదేశాంగ శాఖ గట్టిగానే నిలదీసింది. అమెరికా ఇచ్చిన జవాబు ఇది: తిప్పి పంపడానికి కారణం యూనివర్సిటీలు కాదు, ఆ వ్యక్తులు తమ వీసా హోదాకు పొసగని సమాచారం అధికారులకు ఇచ్చారు. అంటే ప్రభుత్వాల మధ్య మాట కూడా చివరికి ఆ గదిలో ఏం చెప్పారన్న దగ్గరికే వచ్చింది. ఏం చెప్పారన్నదానికి మిగిలే సాక్ష్యం ఈ కాగితాలే.

కాగితం మీద రాసుకున్నంత శ్రద్ధగా ఈ విచారణలు జరగడం లేదనడానికి అమెరికా వాళ్ల సొంత పరిశీలనే ఉంది. శరణు కోరి వచ్చేవాళ్ల పరిస్థితి తెలుసుకోవడానికి అక్కడి మత స్వేచ్ఛ కమిషన్ నిపుణులతో చేయించిన అధ్యయనం 2005లో వెలువడింది. వాళ్లు గమనించిన విచారణల్లో సుమారు సగం సందర్భాల్లో, చదివి వినిపించాల్సిన హెచ్చరికను అధికారులు వినిపించనేలేదు. వాంగ్మూలం చూసుకుని దిద్దుకునే అవకాశం లేకుండానే సంతకాలు పెట్టినవాళ్లూ ఎక్కువే. ఇరవై ఏళ్ల కిందటి సంగతి, విద్యార్థుల గురించి కాదు, నిజమే. ఫారం మాత్రం అదే, చివరి పేజీలో ఆ ఖాళీ అదే.

అందుకే ప్రయాణానికి సిద్ధమవుతున్న పిల్లలతో ఇంట్లోవాళ్లు కూర్చుని మాట్లాడాలని అడుగుతున్నాను. ఇంగ్లిష్ వచ్చినా సరే, అలసటలో మాట తడబడుతుందనుకుంటే తెలుగు దుబాసీ కావాలని అడగొచ్చు. అలా అడిగితే ఇంగ్లిష్ రాదని, చదువుకు తగరని తేల్చేస్తారేమోనని విద్యార్థులకు భయం. నాలుగు వాక్యాలు తడబడుతూ చెప్పి వాటి మీద సంతకం పెట్టడం అంతకంటే ప్రమాదం. తెలియని ప్రశ్నకు తెలియదనే చెప్పాలి, ఊహించి చెప్పకూడదు. ప్రతి పేజీ చదవాలి. తప్పు కనిపిస్తే మర్యాదగా దిద్దమనాలి, దిద్దిన చోట పొడి సంతకం చేయాలి. చివరి ప్రశ్నకు 'లేదు' అనకుండా, ఏ కోర్సు, ఎందుకు ఆ యూనివర్సిటీ, డబ్బు ఎక్కడిది, పని గురించి నేను అన్న మాట ఇది అని రాయించాలి. ఇంకొకటి. ప్రవేశం కోసం చేసిన దరఖాస్తును నేనే వెనక్కి తీసుకుంటాను, ఆ అవకాశం ఇవ్వండి అని అడగొచ్చు. ఒప్పుకోవడం అధికారి ఇష్టం. ఒప్పుకుంటే ఆ వీసా రద్దవుతుంది కానీ ఐదేళ్ల నిషేధం పడదు. ఇలాంటి దారి ఒకటుందని ఈ అబ్బాయికి ఇంటికొచ్చాకే తెలిసింది.

ఫోన్ తెరవమంటే

2023లో వెనక్కి వచ్చినవాళ్లలో పలువురు, తమ ఫోన్లు, చాట్లు వెతికారని చెప్పారు. సరిహద్దులో ఫోన్ చూసే అధికారం అక్కడి అధికారులకు ఉంది. 2018 నాటి మార్గదర్శకాల ప్రకారం ఫోన్‌లో ఉన్నదే చూడాలి, ఇంటర్నెట్ ఆపేయాలి. పరికరం తగిలించి సమాచారం కాపీ చేయాలంటే సహేతుకమైన అనుమానమో దేశభద్రత కారణమో ఉండాలి. 2024 ఆర్థిక సంవత్సరంలో 47 వేలకు పైగా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు చూశారు. వచ్చినవాళ్లలో ఇది సుమారు 0.01 శాతం. తెరవనంటే అమెరికా పౌరుణ్ని లోపలికి రానివ్వక తప్పదు, వీసా మీద వచ్చినవాణ్ని మాత్రం తిప్పి పంపొచ్చు. 'పార్ట్‌టైమ్ ఎక్కడ దొరుకుతుంది బ్రో' అని సీనియర్‌ను అడిగిన పాత మెసేజ్ కూడా ప్రశ్నగా మారి ఎదురవుతుంది. దానికి సూటిగా జవాబు చెప్పగలగాలి.

అబుదాబిలోనే అమెరికా

అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లకు అమెరికా ఇమ్మిగ్రేషన్ తనిఖీ అక్కడే ముగుస్తుంది. 2014 నుంచి ఈ ఏర్పాటు ఉంది. కాబట్టి యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20, ఫీజు రసీదులు, బ్యాంకు పత్రాలు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టేస్తే అడిగినప్పుడు చేతిలో ఉండవు. చదువు ప్రణాళిక, బస, డబ్బు, ఆరోగ్య బీమా పత్రాలన్నీ వెంట ఉంచుకుని ఇంటర్వ్యూకి సిద్ధంగా ఉండమని 2015 డిసెంబర్‌లో మన విదేశాంగ శాఖే విద్యార్థులకు సూచించింది.

వెనక్కి వచ్చాక

లోపలికి రానివ్వని ప్రయాణికుణ్ని తిరిగి తీసుకెళ్లాల్సిన బాధ్యత తెచ్చిన విమాన సంస్థదే. ఈ అబ్బాయి పాస్‌పోర్టును కవరులో పెట్టి విమాన సిబ్బందికి ఇచ్చారు, హైదరాబాద్‌లో దిగాకే అతని చేతికొచ్చింది. వాంగ్మూలం కాపీ అందనివాళ్లు అమెరికా సమాచార స్వేచ్ఛ చట్టం కింద దరఖాస్తు చేసి తెప్పించుకోవచ్చు. ఐదేళ్లలోపు మళ్లీ వెళ్లాలంటే ముందుగా అనుమతి కోరుతూ ఐ-212 అనే దరఖాస్తు పెట్టాలి. దానికి జతచేసే లేఖలో, వాంగ్మూలం రెండో పేజీలో తన మాటలు ఎలా నమోదయ్యాయో, తను నిజానికి ఏం చెప్పాడో ఆ అబ్బాయి ఇప్పుడు వాక్యం వాక్యం రాసుకుంటున్నాడు.